అన్నదా, అనుకున్నదా

పదిహేను రోజులుగా నా కాలు ఒకచోట నిలవడం లేదు. కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్తాను, సగం తాగి లోపలికొస్తాను. రాయాల్సిన కాగితాలు ముందేసుకుంటాను, రెండు వాక్యాలు రాసి లేచిపోతాను. కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. పోయిన ఏడాది దాకా అమ్మ ఉండేది. చివరి అయిదు నెలలు ఆమెకు మాట లేదు గనుక ఆమె కూడా అడిగేది కాదు, మంచం మీంచి కళ్ళతో నా వెంట తిరిగేది. ఇప్పుడు ఆ మంచం కూడా తీయించేశాను. నడవడానికి చోటు పెరిగింది, నడక కూడా పెరిగింది.

దీనికంతటికీ కారణం లావణ్య. అశోక్‌నగర్‌లో మా అపార్ట్‌మెంటుకు ఎదురుగా ఉన్న ఆడపిల్లల హాస్టల్లో ఉంటుంది. సిద్దిపేట అవతల ఏదో పల్లె. మూడేళ్ళుగా గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. పగలంతా స్టడీ హాల్లో కూర్చుని రాజ్యాంగమూ చరిత్రా బట్టీ పడుతుంది, విసుగొచ్చినప్పుడు ఫోన్లో కథలు రాస్తుంది. నేను కథలు రాస్తానని సందు చివర కిరాణా కొట్టాయన చెప్పాడట. ఒక మధ్యాహ్నం వచ్చి, "మేడం, జర చూస్తరా?" అని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించిన నాలుగు కాగితాలు నా చేతిలో పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్ళిపోయింది. ఆ కథలో హాస్టల్లో ఉన్న కూతురికి తండ్రి ఫోన్ చేస్తాడు. ఇంకెన్నాళ్ళు చదువుతావని అడుగుతాడు. ఆ పిల్ల జవాబు చెబుతుంది. లేదా చెప్పదు. ఆ సంగతే నాకు అంతుపట్టలేదు, ఎందుకంటే కథ మొత్తం మీద ఒక్క కొటేషన్ గుర్తు లేదు. తండ్రి మాట, కూతురి మాట, కూతురి మనసులోని మాట, పక్క మంచం పిల్ల గొణుగుడు, అన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ, ఆఫీసులు వదిలే వేళ నారాయణగూడ చౌరస్తాలో బండ్లలాగా పోతున్నాయి. నేను ఎర్రకలం తీసి, యాభై ఏళ్ళుగా చేతికి పట్టిన అలవాటు కొద్దీ, మాటలకు రెండేసి, మనసుకు ఒక్కొక్కటి గుర్తులు పెట్టుకుంటూ పోయాను. తండ్రి ప్రశ్నకు కూతురి జవాబు దగ్గర చెయ్యి ఆగింది. కాసేపు ఆలోచించి, కథకు బలం వస్తుందిలే అని, రెండు పెట్టేశాను.

మర్నాడు ఆ పిల్ల కాగితాలు తిరగేసి మొహం ముడుచుకుంది. "గివన్నీ ఎందుకు పెట్టిన్రు మేడం?" అంది.

"ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి కదమ్మా."

"మీకు తెల్వలేదా? మా బాపు మాట్లాడితే బాపు లెక్కనే ఉన్నది గద."

"అది తెలిసింది. ఇదిగో, 'నాతోని అయితలేదు, ఇంటికొస్త' అని ఉంది చూడు. ఈ మాట ఆ పిల్ల తండ్రితో అన్నదా, మనసులో అనుకున్నదా?"

లావణ్య కాగితం తీసుకుని ఆ వాక్యం మళ్ళీ చదువుకుంది. "ఆమెకే తెల్వదు మేడం, ఇగ నాకెట్ల తెలుస్తది?" అంది.

ఆ పిల్ల వెళ్ళిపోయింది. నేనడిగిన ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అది నా ప్రశ్న కాదు. మా నాన్నది. సరిగ్గా ఆ రెండు మాటలతోనే ఆయన ఒక సాయంత్రం నన్ను అడిగాడు, నేను జవాబు చెప్పాను, ఆ జవాబు సంగతి ఇంతవరకూ నేను ఏ పుస్తకంలోనూ రాయలేదు.

అప్పుడు మేం చిక్కడపల్లిలో ఒక సందులో రెండు గదుల పోర్షన్లో కిరాయికుండేవాళ్ళం. నాన్నది కృష్ణా జిల్లా. ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి నారాయణగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా కుదిరాడు. అమ్మది భువనగిరి దగ్గర పల్లె. మాట కాస్త మోటుగా ఉంటుంది గానీ పిల్ల బంగారమని మధ్యవర్తి నాన్న వాళ్ళమ్మకు ఉత్తరం రాశాడట. మాట సంగతి తను చూసుకుంటానని నాన్న అన్నాడట. చూసుకున్నాడు కూడా. మా నాన్న కోపిష్టి కాదు, గొంతు పెంచి ఎరగడు. ప్రూఫులు దిద్దినంత ఓపిగ్గా, అంత మెత్తగా, అమ్మ మాట దిద్దేవాడు. "గట్ల కాదు నిర్మలా, అలా." "ఏందండీ కాదు, ఏంటండీ." అమ్మ "అలాగేనండి" అనేది. నాకు జ్ఞానం వచ్చేసరికి ఆమె నాన్న ఎదుట తప్పుల్లేకుండా మాట్లాడేది, కాకపోతే చాలా కొద్దిగా మాట్లాడేది. వేరే ఊరి చెప్పులేసుకుని నడిచినట్టు జాగ్రత్తగా ఉండేది ఆ మాట. నాతో ఒంటరిగా ఉన్నప్పుడు, కొళాయి దగ్గర బట్టలు జాడిస్తూ, అసలు మాట బయటికొచ్చేది.

ప్రెస్సులో పని తెమలక నాన్న అచ్చుతప్పులు దిద్దాల్సిన గేలీ ప్రూఫులు గుడ్డసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు కాగితాలు, సిరా ఇంకా పూర్తిగా ఆరక చేతికంటేవి. ఆ వాసనా, అమ్మ పంపు కొట్టే స్టవ్వులోంచి కిరోసిన్ వాసనా, నాన్న ముక్కుపొడి ఘాటూ కలిసిందే నాకు సాయంత్రమంటే. ఆయనకో నియమం ఉండేది. రాతప్రతి వంక కన్నెత్తి చూసేవాడు కాదు. అందులో ఏముందో ముందే తెలిస్తే కళ్ళు అచ్చులో ఉన్నది చూడవు, ఉండాల్సింది చూస్తాయనేవాడు. అందుకని రాతప్రతి నేను పట్టుకుని పైకి చదవాలి, ఆయన అచ్చుకాగితం మీద పెన్సిల్ మొన నడిపిస్తూ సరిచూసుకోవాలి. కామా దగ్గర అర ఊపిరి, వాక్యం చివర నిండు ఊపిరి. పేరా మారితే నేను తొడ మీద చరచాలి. ఆశ్చర్యార్థకం వస్తే నాలుక చప్పరించాలి. ఆ గుర్తంటే నాన్నకు చిరాకు. రాయడం రానివాడు గంట కొడతాడనేవాడు. ఇక కొటేషన్లు వచ్చినప్పుడల్లా 'ఓపెన్', 'క్లోజ్' అని అరుస్తూ చదివితే కథ కుంటుతుందని, ఖాళీ ముక్కుపొడి డబ్బా ఒకటి నా ముందు పెట్టాడు. పెన్సిల్‌తో దాని మీద రెండు దెబ్బలు కొడితే మాట మొదలు, మళ్ళీ రెండు కొడితే మాట ముగింపు. ఒక దెబ్బ కొడితే మనసులో అనుకోవడం మొదలు, మళ్ళీ ఒకటి కొడితే దాని ముగింపు. అలా నాకు పన్నెండేళ్ళకే కథల్లో అందరి మాటలూ టకటకమని, అందరి మనసులూ టక్కుమని వినిపించేవి.

ఇంగ్లీషు పుస్తకాల్లో మనసులో మాటను వాలు అక్షరాల్లో వేస్తారని నాన్న ఒకసారి చూపించాడు. మన ప్రెస్సులో సీసపు అక్షరాలు పెట్టే అరల్లో వాలు టైపు లేదు. గాలికి వంగిన వరిచేనులా ఉన్న ఆ అక్షరాలు చూసి నాకు అసూయ కలిగింది. మాకు ఉన్నవల్లా కామాలే. కామాను తలకిందులు చేస్తే మనసులో మాటను తెరిచే గుర్తు, రెంటిని పక్కపక్కన పెడితే మాట గుర్తు. నవలలో పాత్రలు ఎక్కువ వాగితే కామాల అర ఖాళీ అయిపోయేది. ఆ అక్షరాలు పేర్చే కంపోజిటర్ యాదగిరి, నాన్న కంటే పదేళ్ళు పెద్దవాడు, చేతులకంటిన సిరా తుడుచుకుంటూ వచ్చి, "కామాలు ఒడ్సినయ్ సార్. గా రైటర్ సాబును జర మాటలు తక్కువ రాయుమనుండ్రి" అనేవాడట. నాన్న ఈ సంగతి చెబుతూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేవాడు. మాటలు తగ్గించమని చెప్పడం ఆయనకు అంత నవ్వులాట విషయంగా ఎలా ఉండేదో ఆ వయసులో నాకు తోచలేదు. ఇప్పుడు తోస్తే కోపమొస్తుంది, ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక లేచి ఇంకో రెండుసార్లు హాలు చుట్టి వస్తాను.

గోడకవతల వంటగదిలో అమ్మ ఇవన్నీ వినేది. ఆమె పుస్తకం పట్టుకుని కూర్చోవడం నేను చూడలేదు, కానీ ఆ ప్రెస్సు అచ్చేసే మాసపత్రికలో ఏ నెల ఏ కథ వచ్చిందో, ఎక్కడ ఎవరు ఏమన్నారో, ఎవరు అనకుండా మింగేశారో ఆమెకు తెలుసు. నా దెబ్బలు లెక్కపెట్టుకుంటూ వినేది కాబోలు. ఒకసారి చింతపండు పిసుకుతూ అడిగింది. "మనోళ్ళ మాట ఒచ్చినప్పుడల్ల రెండు గొడతవేందే? గా రెండు దెబ్బల నడుమనే ఉండాల్నా మనోళ్ళు?" ఆమె అన్నది నిజం. కథ చెప్పేవాడి మాటంతా నాన్న మాటలా ఉండేది. అమ్మ వైపు మాట పనిమనిషి నోటనో రిక్షావాడి నోటనో, రెండు గుర్తుల మధ్య మాత్రమే కనిపించేది. కాంపౌండు గోడ కట్టి లోపల ఉండనిచ్చినట్టు. అదీ అప్పుడప్పుడు నాన్న పెన్సిల్ కింద నలిగి తేటపడి బయటికొచ్చేది.

ఆ సాయంత్రం నాన్న సంచిలోంచి తీసిన మూడో కథకు రచయిత పేరు లేదు, 'ఒక గృహిణి' అని ఉంది. రాతప్రతి నా చేతికిచ్చాడు. మొదటి వాక్యం సగం చదివాక గుర్తుపట్టాను. అది అమ్మ రాత. ఆమె 'ళ' తోక బారెడు లాగుతుంది. ఆ తోకలు కాగితం నిండా ఉన్నాయి. ఆ రాత ప్రపంచంలో ఇద్దరికే తెలుసు, నాకూ భువనగిరిలో మా అమ్మమ్మకూ. అమ్మ ఉత్తరాలు రాసేది వాళ్ళమ్మకే, వాటిని డబ్బాలో వేసేది నేను. నాన్న తన భార్య రాత నాలుగు వాక్యాలు ఎన్నడూ చూసి ఉండడు. ఆయన రాతప్రతి చూడడని, అది వచ్చేది నా చేతికేనని అమ్మకు బాగా తెలుసు. అంతా లెక్క వేసుకునే ఆ కథను పత్రికకు పోస్టులో వేసింది. నన్ను నమ్మి వేసింది.

కథలో పెద్దగా ఏమీ జరగదు. ఒక ఆవిడ భర్తకు అన్నం వడ్డిస్తుంది. ఆమె ఒక మాట అంటుంది, అతను దిద్దుతాడు. ఇంకోటి అంటుంది, మెత్తగా దిద్దుతాడు. ఆమె "అలాగేనండి" అంటుంది. నేను చదువుతున్నాను, డబ్బా మీద రెండేసి దెబ్బలు కొడుతున్నాను, నాన్న పెన్సిల్ మామూలు కంటే నెమ్మదిగా నడుస్తోంది. వంటగదిలో స్టవ్వు పంపు ఆగిపోయింది. చివరికి ఆవిడ మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడుతుంది, అప్పుడొక వాక్యం: ఈ ఇంట్ల నా నోరు నాది గాదు, ఒక్కపారన్న మా అవ్వ మాటల ఏడ్వాలనుంది. ఆ వాక్యానికి ముందు నేను డబ్బా మీద కొట్టిన దెబ్బలు రెండు.

"ఆగమ్మా," అన్నాడు నాన్న. "రెండు కొట్టావు. ఇక్కడ ఒకటే ఉంది."

నేను పెన్సిల్ డబ్బా పక్కన పెట్టాను.

"యాదగిరి పొరపాటు చేసినట్టున్నాడు. రాతప్రతి చూసి చెప్పు. ఆవిడ ఆ మాట అన్నదా, అనుకున్నదా?"

రాతప్రతి చూశాను. అమ్మ ఒక్క గుర్తే పెట్టింది. ఎవరూ పొరపడకూడదని కలం రెండుసార్లు తిప్పి ముదురుగా పెట్టింది. తలెత్తితే వంటగది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది, చేతికి పిండి అంటి ఉంది. నాన్న ఆవిడకు వీపు పెట్టి కూర్చున్నాడు. అమ్మ నా కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపింది. స్పష్టంగా, రెండుసార్లు. మొదటిసారి నా చెయ్యి జారిందని చెప్పుకోవచ్చు. రెండోసారి ఏదీ జారలేదు.

"అన్నది నాన్నా," అన్నాను.

నాన్న పెన్సిల్ మొన నాలుకకు తడిచేసుకుని, ఆ వాక్యానికి అటూ ఇటూ మార్జిన్లో మాట గుర్తులు వేశాడు. తర్వాతి వాక్యం చదవమన్నాడు, చదివాను: అతను మజ్జిగ కలుపుకుని తింటున్నాడు, తల ఎత్తలేదు. అదే కథలో చివరి వాక్యం. నాన్న దాన్ని నాచేత రెండోసారి చదివించాడు. ఆ తర్వాత కాగితం మడిచి, ఈ పూటకు చాలన్నాడు.

ఎందుకలా చేశానని ఇన్నేళ్ళూ నన్ను నేను అడుక్కున్నాను. కొన్నాళ్ళు అమ్మ తరఫున పోరాడానని చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. నాకు ఆమె మౌనం సిగ్గుగా ఉండేది. బళ్ళో నా స్నేహితురాళ్ళ అమ్మలు గట్టిగా మాట్లాడేవాళ్ళు, గొడవపడేవాళ్ళు, సందులో నిలబడి కూరగాయలవాణ్ణి కడిగేసేవాళ్ళు. మా అమ్మ అన్నీ లోపల అనుకునే మనిషి. నాకు అనే అమ్మ కావాలి. ఆ సాయంత్రం అది నా చేతిలో పని అయింది, ఒక దెబ్బకు రెండు దెబ్బలు. ఆమె వద్దని తల ఊపుతుండగా ఆమె నోట్లో మాట పెట్టాను. నాన్న ఆమె నోట్లోంచి మాటలు తీసేవాడు, నేను పెట్టాను. ఇద్దరం ఆమెను అడగలేదు.

పత్రిక వచ్చింది. ఆ కథకు ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. భర్త మొహం మీద అంత మాటన్న ఆ ఇల్లాలు ధైర్యశాలి అన్నారు. అంతకంటే ఎక్కువమంది ఆ భర్తను తిట్టారు. పెళ్ళాం అంత మాటన్నాక కూడా తల ఎత్తకుండా మజ్జిగన్నం తిన్నవాడు మనిషా, రాయా అన్నారు. పత్రిక ఆఫీసు ప్రెస్సు మేడ మీదే ఉండేది. నాన్న ఆ ఉత్తరాలన్నీ అడిగి తీసుకుని ఇంటికి తెచ్చాడు, ఎవరికీ ఏమీ చెప్పకుండా వంటగది అలమారలో చింతపండు జాడీ పక్కన పెట్టాడు. ఆ కథ ఎవరిదో ఆయనకు తెలుసని అలా తెలిసింది. ఆ రోజు నుంచి ఆయన అమ్మ మాట దిద్దడం మానేశాడు. అన్నం తినేటప్పుడు, ముఖ్యంగా మజ్జిగ దగ్గర, తలెత్తి ఆమె వంక చూసేవాడు. ఏదైనా అంటుందేమోనని ఎదురుచూసేవాడు. ఆమె ఇంకాస్త మజ్జిగ పోసి పక్కకు తప్పుకునేది.

నేను గెలిచాననుకున్నాను. నెల తర్వాత కొళాయి దగ్గర దుప్పటి పిండడానికి నేనొక కొస పట్టుకుంటే అమ్మ అంది, నా వంక చూడకుండా. "నేనన్లే గదనే. అనుకున్న. గంటలు గంటలు చదువుతవు, గంత తేడా తెల్వదా నీకు?"

"చదివినవాళ్ళంతా బాగుందంటున్నారు కదమ్మా."

"గది నా కథ గాదు. నా కథల ఆయిన ఇనలే, గందుకే తల ఎత్తలే. పాపం ఆయినకేం తెలుసు? నువ్వు ఇనిపించినవ్. ఇనిపించి ఆయినను రాయిని జేసినవ్." దుప్పటి గట్టిగా మెలేసింది, నీళ్ళు నా పాదాల మీద పడ్డాయి. "ఇప్పుడు సూడు. నేననని మాటకు నన్ను మన్నిస్తున్నడు మీ నాయిన. గంత మంచితనం నాకెందుకే?"

ఆమె మళ్ళీ రాయలేదు. కొనుక్కున్న తెల్లకాగితాలు కొన్నాళ్ళు ట్రంకు పెట్టెలో ఉన్నాయి, తర్వాత అలమార అరల్లో డబ్బాల కింద పరుచుకున్నాయి. నేను మాత్రం రాయడం మొదలుపెట్టాను. నా కథల్లో ఎవరు అన్నారో ఎవరు అనుకున్నారో ఎప్పుడూ తికమక ఉండదని విమర్శకులు మెచ్చుకున్నారు. ఆ మెప్పు వచ్చిన ప్రతిసారీ నా మొహం వేడెక్కింది. నాన్న పోయేదాకా ఆ సాయంత్రం గురించి మాట ఎత్తలేదు. ఆయన రాతప్రతి తర్వాతెప్పుడైనా చూశాడో లేదో నాకు తెలియదు. ప్రెస్సులో అడిగితే యాదగిరి తీసి ఇచ్చి ఉండేవాడే.

ఈ పదిహేను రోజుల్లో రెండుసార్లు కోఠీకి పోయి పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలవాళ్ళ కట్టలన్నీ తిరగేశాను. ఆ సంచిక దొరకలేదు. ఇదివరకు కూడా దొరకలేదు. వచ్చేటప్పుడు నారాయణగూడలో దిగి ప్రెస్సు ఉన్నచోటికి వెళ్ళాను. అక్కడిప్పుడు ట్రావెల్ బ్యాగులు అమ్ముతున్నారు, ఆ కుర్రాడు నన్ను కొనేదాన్ని అనుకుని చక్రాల సంచి ఒకటి అటూ ఇటూ నడిపించి చూపించాడు. చిక్కడపల్లి సందులో మా పోర్షన్ స్థానంలో అయిదంతస్తులు లేచాయి, కొళాయి ఉన్నచోట ఎవరిదో కారుంది. ఏం వెతుక్కుంటున్నానో నాకే స్పష్టంగా లేదు. తిరిగొస్తూ అశోక్‌నగర్ టీ కొట్టు దగ్గర ఆడపిల్లలు ఫోన్లు చూస్తూ నిలబడి ఉంటే చూశాను. వాళ్ళ కాలంలో అందరూ అన్నీ అనేస్తారని నాకు కొంచెం చిన్నచూపు ఉండేది. ఆ రోజు ఒక పిల్ల పక్కపిల్లతో అంటోంది, "టైపింగ్ అని చూపిచ్చింది అక్కా, మా అమ్మనే. పది నిమిషాలు. మళ్ళ ఏం పంపలే." ఇద్దరూ ఆ ఖాళీ తెరను తదేకంగా చూస్తున్నారు. నాన్న కాలంలో దానికి ఒక దెబ్బ చాలేది. ఇప్పుడు ఆ మాత్రం గుర్తు కూడా మిగలకుండా చెరిగిపోతోంది, అవతలివాళ్ళు ఏదో అనుకున్నారన్న సంగతి మాత్రం తెలిసి చస్తోంది.

నిన్న లావణ్యను నేనే పిలిచాను. జిరాక్స్ షాపులో ఆమె కథను కొత్తగా ప్రింటు తీయించి ఉంచాను, ఒక్క ఎర్రగీత కూడా లేకుండా.

"ఏమైంది మేడం? బాలేదా?" అని భయపడింది.

"బాగుంది. నేను పెట్టినవే బాగాలేవు. నిన్ను అడక్కుండా నీ పిల్ల చేత మాట అనిపించాను."

ఆ పిల్ల మొదటిసారి కుర్చీలో కూర్చుంది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కొసలు మడతలు పెడుతూ అంది, "నిజం చెప్పాల్నంటే మేడం, గది నేనే. ఆ దినం మా బాపుకు ఏం చెప్పిన్నో నాకు యాదికి లేదు. చెప్పిన్ననుకుంట. చెప్పితే బాపు మళ్ళ ఎందుకు అడుగుతలేడు? చెప్పలేదనుకుంట. చెప్పకుంటే నాకు మనసుల గింత తేలికెందుకైంది? గందుకే గట్ల ఇడిసిపెట్టిన." తలెత్తి నా వంక చూసింది. "మీరెందుకు మేడం గింత పరేషాన్ అయితున్నరు, నాలుగు గుర్తుల కోసం?"

ఆమెకు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

అమ్మకు పక్షవాతం వచ్చి మాట, కుడిచెయ్యి రెండూ పోయాక ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చున్నాను. బయట కోచింగ్ సెంటర్ వదిలారు, సందంతా పిల్లల గోల. అయిదు నెలల్లో ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో ఆ ప్రశ్న, ఆ రోజు బయటపడింది. ఆమె భాషలోనే అడిగాను, నాకు సరిగ్గా రాకపోయినా. "అమ్మా, గా కథ సంగతి నీకు ఇంక మనసుల ఉన్నదా? నా మీద కోపముందా?"

అమ్మ కళ్ళు నా మీద నిలిచాయి. ఎడమచేతి ఉంగరంతో మంచం ఇనుపకమ్మీ మీద ఒక్క దెబ్బ కొట్టింది. టక్. ఇంకో దెబ్బ కోసం చూశాను, పడలేదు. ఫ్యాను తిరుగుతోంది. ఆమె చూపు నా మొహం మీంచి కిటికీకీ, కిటికీ మీంచి పైకప్పుకీ వెళ్ళింది, కనుబొమ్మలు ఒకసారి దగ్గరై విడిపోయాయి, పెదవి కొస ఒకవైపు కొద్దిగా కదిలింది, అది నవ్వో కాదో ఆ మొహంలో చెప్పడం కష్టం. చాలాసేపటికి మళ్ళీ ఉంగరం ఎత్తింది. టక్. ఆ తర్వాత కళ్ళు మూసుకుంది.

వంటగదిలోంచి విని నేర్చుకున్నది అరవై దాటిన కూతురికి మళ్ళీ అప్పజెప్పింది. ఆ రెండు దెబ్బల నడుమ ఏముందో ఊహించడానికి నా నోటి దగ్గరికి వంద వాక్యాలు వచ్చాయి. ఎప్పుడో క్షమించాననే వాక్యం అన్నిటికంటే ముందు వచ్చింది, అది నాకు కావలసింది గనుక.

ఆమెను చూసుకునే మణెమ్మ మందుల గ్లాసు పట్టుకుని అప్పుడే లోపలికొచ్చింది. ఆ చప్పుడు విన్నట్టుంది. "ఏమంటున్నదమ్మా పెద్దమ్మ?" అని అడిగింది.

"ఏమీ అనలేదు మణెమ్మా," అన్నాను. "అనుకుంది."